నొప్పిగా ఉందని మీ అమ్మాయి మీతో చెప్పగలదా?

మొన్న మార్చి నెలలో ఒక తండ్రి తన పదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనది బ్యాంకు ఉద్యోగం. అమ్మాయికి కుడి మోచేతి లోపలివైపు నొప్పి.

"వారం రోజులుగా సర్వీసు కొట్టినప్పుడల్లా పట్టేస్తోందంటోంది డాక్టరుగారూ. వచ్చే ఆదివారం జిల్లా టెన్నిసు పోటీలున్నాయి. ఈలోగా తగ్గేట్టు ఇంజెక్షనో, మాత్రలో ఏదో ఒకటి ఇవ్వండి" అన్నాడు. అంతటితో ఆగక ఫోను తీసి, కూతురు ఆడుతుండగా పట్టిన వీడియోలు చూపించాడు. అమ్మాయి నిజంగానే చక్కగా ఆడుతోంది. ఆయన సంబరం చూస్తే నాకూ ముచ్చటేసింది.

ఎక్స్‌రే రాసిచ్చాను. డబ్బు కట్టడానికి ఆయన బయటికి వెళ్లగానే మా నర్సు ఆ పిల్ల జడ సవరిస్తూ, "ఎన్నాళ్లనుంచి తల్లీ ఈ నొప్పి?" అని అడిగింది. (డాక్టర్లకు చెప్పని సంగతులు పిల్లలు నర్సులకు చెబుతారు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి.)

"సంక్రాంతి సెలవులనుంచి" అంది.

అంటే రెండు నెలలు! "మరి నాన్నకి చెప్పలేదేం?"

"చెబితే నాన్న ఏమీ అనరు. కాని మొహం అదోలా అయిపోతుంది."

ఆ తండ్రి కర్కోటకుడేమీ కాదు. పిల్లని ఏనాడూ కొట్టి ఎరగడు. పొద్దున్నే అయిదింటికి లేచి స్కూటరు మీద కోర్టుకి తీసుకెళతాడు, సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా అక్కడికే వెళతాడు. తన సినిమాలు మానుకుని రాకెట్లు కొన్నాడు. ఇంత చేసిన నాన్న మొహం వాడిపోతే చూడలేక, పదేళ్ల పిల్ల రెండు నెలలు నొప్పిని దిగమింగింది. ఇలాంటి ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలా ఉన్నాయి. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాను.

ఇంతకీ ఆ మోచేతిలో ఏం జరిగింది?

పెద్దవాళ్లకు వచ్చే "టెన్నిస్ ఎల్బో" వేరు, ఇది వేరు. ఆ జబ్బు నలభై ఏళ్ల ప్రాంతంలో వస్తుంది, నొప్పి మోచేతి బయటివైపు ఉంటుంది. టెన్నిసు మొహం చూడని ఇల్లాళ్లకీ, వడ్రంగులకీ కూడా వస్తుంది. పిల్లల సంగతి అలా కాదు. వాళ్ల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే చోటు ఒకటుంటుంది. దాన్ని గ్రోత్ ప్లేట్ అంటాం. అది గట్టి ఎముక కాదు, మృదులాస్థి. ఆడపిల్లల్లో సుమారు పదమూడు నుంచి పదిహేనేళ్ల మధ్య, మగపిల్లల్లో మరో రెండేళ్లు ఆలస్యంగా చాలాచోట్ల ఇవి గట్టిపడి మూసుకుంటాయి. అంతవరకూ పిల్లల శరీరంలో అన్నిటికంటే బలహీనమైన భాగం అదే. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు కంటే కూడా అది బలహీనం. పెద్దవాళ్లకి స్నాయువు బెణికే చోట, పిల్లలకి ఈ ఎదిగే భాగం ఒరుసుకుపోతుంది. ఒక్కోసారి ఊడి పక్కకు జరుగుతుంది కూడా.

ఇల్లు కట్టించినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. కొత్తగా పోసిన స్లాబు చూడటానికి గట్టిగానే ఉంటుంది. కాని నీళ్లు పెడుతూ కొన్ని వారాలు ఆగనిదే దానిమీద బరువు వేయనివ్వడు మేస్త్రీ. స్లాబు విషయంలో మేస్త్రీ మాట వింటాం. పిల్లల విషయంలో మాత్రం "బాగానే ఆడుతోందిగా" అంటాం.

మోచేయి ఒక్కటే కాదు. ఎనిమిది నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలు ఆడి వచ్చి మడమ నొప్పి అంటూ కుంటితే, మడమ ఎముకలో ఎదిగే భాగం రేగిందన్నమాట. మోకాలి చిప్పకు కొంచెం కింద బొప్పిలా లేచి నొప్పి పెడితే అదీ ఈ కోవలోదే. సర్వీసు చేసేటప్పుడు నడుము వెనక్కి వంచి మెలితిప్పుతారు కనుక నడుము నొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పిల్లలకు రెండు మూడు వారాలు దాటి నడుము నొప్పి ఉందంటే వెన్నుపూసలో సన్నని చీలిక ఉందేమో చూడాలి. "పరుపు మెత్తన" అని సరిపెట్టుకోవద్దు.

ఎంతసేపు ఆడించాలి?

దీనికి వైద్యులు చెప్పే ఒక బండగుర్తు ఉంది. వయసు ఎన్నేళ్లో, వారానికి అన్ని గంటలకు మించరాదు. ఎనిమిదేళ్ల బాబుకి ఎనిమిది గంటలు, పదేళ్ల పాపకి పది. శిక్షణ, పోటీలు అన్నీ కలిపి లెక్క. వారంలో కనీసం ఒక రోజు పూర్తిగా సెలవు, రెండయితే మరీ మంచిది. ఏడాదిలో విడతలు విడతలుగా రెండు మూడు నెలలు రాకెట్టు గోడకి తగిలించేయాలి. ఆ రోజుల్లో కాళ్లూ చేతులూ కట్టేసుకుని కూర్చోమనడం లేదు. ఈత, కబడ్డీ, సైకిలు, తొక్కుడుబిళ్ల, ఏవైనా ఆడవచ్చు.

ఆ బ్యాంకు ఉద్యోగిని లెక్క చెప్పమన్నాను. పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు, వారానికి ఆరు రోజులు. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టి, ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయాడు. రోజంతా అంకెలతో గడిపే మనిషి, ఈ ఒక్క కూడిక ఎన్నడూ చేయలేదు.

"సానియా మీర్జా ఆరేళ్లకే మొదలుపెట్టిందటగా?" అన్నాడు కాసేపాగి. అందరూ అడిగేదే. నిజమే, హైదరాబాదులో పెరిగిన ఆ అమ్మాయి ఆరేళ్లకే రాకెట్టు పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమెకు కోచ్ కూడా. కాని ఆమె డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానం అందుకున్నది 2015లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో. మధ్యలో 2008లో మణికట్టుకు ఆపరేషను కూడా అయింది. అంత దూరం నడవవలసిన బండికి మొదటి మైలులోనే ఇరుసు విరగగొట్టుకుంటే ఎలా? ఆరేళ్లకు మొదలుపెట్టడం తప్పు కాదు. ఆరేళ్లకు ఎంతసేపు, ఎలాంటి బంతితో, ఎంత నవ్వుతూ ఆడారన్నది చూడాలి. రోజర్ ఫెదరర్ పన్నెండేళ్లు వచ్చేదాకా టెన్నిసుతోపాటు ఫుట్‌బాలు కూడా ఆడుతూనే ఉన్నాడు.

రెండో వైపూ చూడండి. అమెరికాలో జెన్నిఫర్ కాప్రియాటి 1990లో, ఇంకా పద్నాలుగేళ్లు నిండకుండానే ప్రొఫెషనల్ అయింది. ఆ ఏడే ఫ్రెంచ్ ఓపెన్‌లో సెమీఫైనల్ చేరింది. 1992లో ఒలింపిక్ బంగారు పతకం గెలిచింది. ఆ మరుసటి ఏడే విసిగిపోయి ఆటకు దూరమైంది. ఎన్నో కష్టాలు పడి తిరిగొచ్చి 2001లో గానీ మొదటి గ్రాండ్‌స్లామ్ గెలవలేదు. ఇలాంటివి చూశాకే మహిళల టెన్నిసు సంఘం 1995 నుంచి చిన్న వయసు అమ్మాయిలు ఏడాదికి ఆడే పోటీలకు పరిమితి పెట్టింది. ఆండ్రీ అగస్సీ అయితే, తండ్రి చిన్నప్పుడు బంతులు విసిరే యంత్రం ముందు నిలబెట్టి రోజుకి రెండు వేల అయిదు వందల బంతులు కొట్టించాలని చూశాడనీ, ఆ ఆటంటేనే తనకు అసహ్యమనీ 2009లో తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడి మాట ఇది!

పెద్ద సైజు యూనిఫారం, పెద్ద సైజు రాకెట్టు

మనకొక అలవాటుంది. పిల్లలు ఎదుగుతారు కదా అని బడి యూనిఫారం ఒక సైజు పెద్దది కుట్టిస్తాం. చెప్పులూ అంతే. ఈ అమ్మాయికి ఎనిమిదో ఏటే పెద్దవాళ్ల ఇరవై ఏడు అంగుళాల రాకెట్టు కొన్నారు, మళ్లీ మళ్లీ కొనడం ఎందుకని. యూనిఫారం వదులైతే పిన్ను పెట్టుకోవచ్చు. రాకెట్టు పెద్దదైతే ఆ బరువు మోచేతిమీదా, మణికట్టుమీదా పడుతుంది. చిన్నపిల్లలకు పదిహేడు నుంచి ఇరవై మూడు అంగుళాల వరకూ, కొంచెం పెద్దయ్యాక ఇరవై మూడు నుంచి ఇరవై అయిదు, ఆపైన ఇరవై ఆరు అంగుళాలవి దొరుకుతాయి. దుకాణంలో ఒక చిన్న పరీక్ష చేయండి. పిల్ల నిటారుగా నిలబడి, రాకెట్టు పట్టుకున్న చేయి పక్కన కిందికి వేలాడదీయాలి. భుజం ఎత్తకుండానే రాకెట్టు కొన నేలకి తగిలీ తగలనట్టు ఉంటే సరిపోయినట్టు. తీగలు మెత్తని నైలానువి వేయించండి. టీవీలో చూసే ఆటగాళ్లు వాడే గట్టి పాలియెస్టరు తీగలు ఈ చేతులకు పనికిరావు.

బంతి సంగతి ఇంకా ముఖ్యం. మామూలు పసుపు బంతి నేలకి తగిలి ఎనిమిదేళ్ల పిల్ల తలకంటే ఎత్తుకి లేస్తుంది. దాన్ని అందుకోవడానికి వంకర టింకరగా పట్టడం నేర్చుకుంటారు. ఆ వంకర జన్మంతా పోదు. అందుకే పిల్లలకోసం మెత్తని బంతులు వచ్చాయి. ఎర్రది మామూలు బంతికంటే డెబ్బై అయిదు శాతం నెమ్మది, నారింజ రంగుది యాభై శాతం, ఆకుపచ్చది ఇరవై అయిదు శాతం. ఎర్ర బంతికి కోర్టు పొడవు పదకొండు మీటర్లు చాలు. నారింజకి పద్దెనిమిది. ఆకుపచ్చ బంతికి వచ్చేసరికి పూర్తి కోర్టు, ఇరవై మూడు మీటర్ల డెబ్బై ఏడు సెంటీమీటర్లు. పదేళ్లు, ఆలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడరాదని అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య 2012 నుంచి నియమమే పెట్టింది. "మా వాడు అప్పుడే పసుపు బంతితో ఆడేస్తున్నాడు" అని చెప్పుకోవడం, రెండో క్లాసు చదివే వాడికి పదో క్లాసు పుస్తకం కొనిచ్చాం అని చెప్పుకోవడం లాంటిది.

ఆరేళ్లలోపు పసివాళ్లకైతే కోర్టు కూడా అక్కర్లేదు. వరండాలో బెలూను నేల తగలకుండా అరచేత్తో కొట్టించండి. బంతి విసిరి పట్టించండి. చేయి పైకెత్తి దూరంగా విసరడం బాగా వస్తే సర్వీసు సగం వచ్చినట్టే. వంటయ్యాక పదినిమిషాలు తల్లి ఆడినా చాలు, దీనికి కోచ్ ఎందుకు?

వేసవి శిబిరాలు

పరీక్షలవగానే ఊరూరా శిక్షణ శిబిరాలు మొదలవుతాయి. అసలే ఏప్రిల్, మే నెలలు. బెజవాడలోనో, రామగుండంలోనో ఎండ నలభై అయిదు డిగ్రీలు తాకే రోజుల్లో సిమెంటు కోర్టు పెనంలా కాలుతుంది. పొద్దున ఎనిమిదింటికల్లా కోర్టు వదలాలి. సాయంత్రం అయిదున్నర దాటాకే మళ్లీ అడుగుపెట్టాలి. ఎండకు శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి మొదటి రోజుల్లో సగం సేపే ఆడించమని కోచ్‌కి చెప్పండి. రుసుము కట్టాం కదా అని పూర్తిగా రాబట్టుకోవాలనుకోవద్దు.

దాహమయ్యేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కల నీళ్లు తాగాలి. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పలచని మజ్జిగ, లేదా ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మనీళ్లు. రంగురంగుల సీసాల పానీయాలు ఇంతకంటే ఏమీ గొప్పవి కావు. ఆటకు ముందూ తర్వాతా ఒకసారి బరువు చూడండి. అర కిలో తగ్గితే అర లీటరు నీళ్లు పోయాయని అర్థం. ఆడుతూ ఆడుతూ పిల్లవాడు తూలినా, వాంతి చేసుకున్నా, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెప్పినా అది వడదెబ్బ. నీడకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి, విసురుతూ ఆస్పత్రికి పరుగెత్తండి. మందు కోసం వెతుకుతూ కూర్చోవద్దు, చల్లబరచడమే మందు.

బద్ధకం అనుకున్నది బద్ధకం కాకపోవచ్చు. ఒక తొమ్మిదేళ్ల కుర్రవాడు బంతి దగ్గరికొచ్చేదాకా కదలడని కోచ్ రోజూ కేకలేసేవాడు. తల్లి వాడికి బలానికి టానిక్కు రాయమని తీసుకొచ్చింది. గోడమీద అక్షరాలు చదవమంటే పై రెండు వరసలే చదివాడు. పాపం, బంతి వల దాటితే గానీ వాడికి కనబడటం లేదు! కళ్లద్దాలు పెట్టించాక టానిక్కు అవసరం రాలేదు. పిల్లల్ని ఆటలో చేర్చే ముందు ఒకసారి కంటి పరీక్ష చేయించండి.

కంచె బయట మనం

ఒక సాయంత్రం పనిగట్టుకుని ఒక కోర్టు దగ్గర కూర్చున్నాను. పదేళ్ల లోపు పిల్లల ఆట. బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ ఒక బాబు తల తిప్పి కంచె వైపు చూస్తున్నాడు. అక్కడ వాళ్ల నాన్న. ఆయన ఏమీ అనడం లేదు, నుదురు కొట్టుకుంటున్నాడంతే. మరో తల్లి "మోకాలు వంచు, మోకాలు వంచు" అంటోంది. లోపల కోచ్ చెబుతున్నది ఇంకేదో. చిన్న పోటీల్లో అంపైరు ఉండడు. తనవైపు పడ్డ బంతి లోపలా బయటా అన్నది పిల్లలే చెప్పుకోవాలి. అక్కడ కూడా ఇద్దరు పెద్దమనుషులు గీత దగ్గర పొలం గట్టు తగాదా పడ్డట్టు వాదించుకున్నారు. పిల్లలిద్దరూ ఈలోగా నీళ్లు తాగి వచ్చారు.

నా సలహా అడిగితే, ఆట జరుగుతున్నంతసేపూ మీరు ఆ మైదానం చుట్టూ నడవండి. మీ చక్కెర వ్యాధికి కూడా మంచిది. స్కూటరు మీద ఇంటికి వచ్చేటప్పుడు ఆట గురించి మీరుగా ఎత్తవద్దు. "గెలిచావా?" అని అడిగే ముందు "ఆకలేస్తోందా?" అని అడగండి. తప్పులు దిద్దడానికి కోచ్‌కి డబ్బిస్తున్నారు కదా, ఆయన్ని చేయనివ్వండి. "ఇవాళ వెళ్లను" అని పిల్ల ఎప్పుడైనా అంటే, నెలకోసారైనా ఆ మాట చెల్లుబాటు కావాలి.

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఎక్స్‌రేలో ఎదిగే భాగం కాస్త వెడల్పయింది కాని జరగలేదు. అదృష్టం. ఆదివారం పోటీ లేదన్నాను. ఆరు వారాలు సర్వీసు, గట్టి షాట్లు బంద్. పరుగు, ఈత, ఎడమచేత్తో బంతి విసరడం మామూలే. మాత్ర వేసి ఆడిస్తే నొప్పి తెలియదు, దెబ్బ మాత్రం పెరుగుతుందని చెప్పాను. అప్పుడు, నర్సుతో పిల్ల అన్న మాట కూడా ఆయనకి చెప్పాను. ముందు పిల్లను అడిగి, సరేనన్నాకే సుమండీ. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇంటిదగ్గర ఒక పద్ధతి పెట్టుకోమన్నాను. రోజూ రాత్రి అన్నాల దగ్గర నాన్న అడగాలి: "పావలా నొప్పా, అర్ధరూపాయి నొప్పా, రూపాయి నొప్పా?" ఏది చెప్పినా "సరే" అనడం తప్ప ఇంకేమీ అనకూడదు, మొహం కూడా మార్చకూడదు. పావలా అంటే మర్నాడు ఆట తగ్గించాలి, అర్ధరూపాయి అంటే ఆపాలి, రూపాయి అంటే నా దగ్గరికి రావాలి. (పావలా అంటే ఏమిటని ఆ పిల్ల అడిగింది! నిజమే, 2011లోనే చెల్లకుండా పోయిన నాణెం.) ఆరు వారాల తర్వాత వచ్చినప్పుడు మోచేయి నొక్కి చూస్తూ ఎలా ఉందన్నాను. నావైపు చూడకుండా తండ్రి వైపు తిరిగి, "ఇంకా పావలా ఉంది నాన్నా" అంది. ఆయన "సరే" అన్నాడు. మరో రెండు వారాలు పొడిగించాను.

ఈ విషయం మీద వచ్చిన ఉత్తరాలలో కొన్ని:

"మా బాబుకి ఏడేళ్లు, ఎడమచేతి వాటం. కుడిచేత్తో ఆడటం అలవాటు చేయమంటారా?" - ఒక తల్లి, అనకాపల్లి

వద్దు. వాడికి ఏ చేయి వస్తే ఆ చేత్తోనే ఆడనివ్వండి. రాసే చేతినీ, తినే చేతినీ కూడా బలవంతంగా మార్చకండి. టెన్నిసులో ఎడమచేతి వాటం వల్ల నష్టం లేదు సరికదా, ఎదుటివాళ్లకే ఇబ్బంది.

"మా అమ్మాయి పెద్దమనిషయింది. ఇక ఆట మాన్పించమని మా అత్తగారు అంటున్నారు." - ఒక పాఠకురాలు, తెనాలి

మాన్పించనక్కరలేదు. నెలసరి రోజుల్లో కూడా ఓపిక ఉంటే ఆడవచ్చు. మీ అత్తగారితో గొడవ పెట్టుకోకుండా డాక్టరు చెప్పాడని నా పేరు వాడుకోండి. అయితే ఒకసారి రక్తపరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది. త్వరగా ఆయాసపడే పిల్లని తిట్టే ముందు హిమోగ్లోబిన్ ఎంతో చూడాలి. ఆకుకూరలు, పప్పు, గుడ్డు, వీటితోపాటు నిమ్మకాయో ఉసిరికాయో ఉండాలి. భోజనం అవగానే టీ ఇవ్వకండి. అయినా తక్కువగా ఉంటే ఇనుము మాత్రలు డాక్టరు రాసిస్తారు.

"మా వాడికి పదమూడేళ్లు. మోకాలి నొప్పికి ఆటకు ముందు ఒక మాత్ర వేస్తున్నాం, ఆడుతున్నాడు. ఈమధ్య రాత్రిళ్లు కూడా నొప్పితో లేస్తున్నాడు. మూడు వారాల్లో పోటీ ఉంది. అయ్యాక చూపించవచ్చా?" - ఒక తండ్రి, మిర్యాలగూడ

మాత్ర ఈరోజే ఆపండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాలకు కూడా చెరుపు. ఆట వల్ల వచ్చిన నొప్పి విశ్రాంతి తీసుకుంటే తగ్గాలి. నిద్రలోంచి లేపే నొప్పి, ఒకచోటే ఉండే వాపు, కారణం లేని జ్వరం, బరువు తగ్గడం, కుంటడం, వీటిలో ఏది ఉన్నా ఆట దెబ్బే అనుకుని ఊరుకోరాదు. ఎముకలో చీము పట్టినా, గడ్డ లేచినా ఈ వయసులో మోకాలి దగ్గర ఇలాగే మొదలవుతుంది. మీ అబ్బాయికి అదే ఉందని నేననడం లేదు, చాలామందికి ఉండదు. కాని చూడకుండా చెప్పలేం. కట్టు కట్టించడం, నూనె పెట్టి తోమించడం చేయకండి. మూడు వారాలు ఆగవద్దు. రేపు పొద్దున్నే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి.